కాలేజీ చదువుకు ఖర్చు తగ్గించుకునే మార్గాలు



మన హాస్టల్ల పదో తరగతి అక్కలను “పరీక్షలు అయినంక ఏం చేస్తవు అక్కా?” అని అడిగితే చానామంది “ఏమో, ఇంట్ల పైసలుంటే చదువుత” అంటరు. ఆ మాట నిజమే. మన అమ్మానాయినలు కూలినాలి చేసి బతుకుతరు. నల్లమల పెంటల్లో ఉండేవాళ్లు తేనె, బంక, గడ్డలు తెచ్చి అమ్ముతరు. తండాల నుంచి పుణె, బొంబాయి, హైదరాబాదుకు మట్టి పనికి పోతరు. గద్వాల దిక్కు పత్తి విత్తనాల చేన్లల్ల క్రాసింగ్ పనికి ఆడపిల్లలనే పిలుస్తరు, చిన్న చేతులైతే పువ్వు చెడదు అంటరు. పదో తరగతి కాడ చదువు ఆగిన పిల్ల ముందు పోయేది ఆ చేనుకే, తర్వాత పెండ్లి పీటల మీదికి.

కానీ కాలేజీ చదువుకు పైసలు ఎన్ని కావాలె, ఎందుకెందుకు కావాలె అని కాగితం మీద రాసుకున్నోళ్లు మనలో తక్కువ. లెక్క తెలియకపోతే భయం పెద్దగ కనిపిస్తది. లెక్క రాస్తే ఏది తప్పదో, ఏది తప్పించుకోవచ్చునో తెలుస్తది. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను. అందరూ చదవగలరు.

1. ఖర్చు ఎక్కడెక్కడ అయితది?

కాలేజీ ఖర్చు అంటే ఫీజు ఒక్కటే అనుకుంటం. నిజానికి ఆరు రకాలు కలవు. (అ) కాలేజీ ఫీజు (ఆ) ఉండుడు, తినుడు (ఇ) ప్రయాణం (ఈ) పుస్తకాలు (ఉ) పరీక్ష ఫీజులు, దరఖాస్తులు (ఊ) సబ్బులు, చెప్పులు, జిరాక్సులు వంటి చిల్లర ఖర్చు.

లెక్క కోసం ఇద్దరు అమ్మాయిలను అనుకుందాం. ఇద్దరూ డిగ్రీలో చేరినారు.

మొదటి అమ్మాయి ఎవరో చెప్పినారని ప్రైవేటు కాలేజీలో మేనేజ్‌మెంటు సీటు తీసుకొని ఊర్లో గది అద్దెకు తీసుకున్నది. ఫీజు 20,000. గది అద్దె, తిండి కలిపి నెలకు 4,000 చొప్పున 10 నెలలకు 40,000. ఇంటికి వచ్చి పోవుటకు 3,000. కొత్త పుస్తకాలకు 4,000. పరీక్షలకు 2,000. చిల్లరకు 3,000. మొత్తం 72,000 రూపాయలు.

రెండో అమ్మాయి ప్రభుత్వ కాలేజీలో చేరి ప్రభుత్వ హాస్టల్ల ఉన్నది. ఫీజు స్కాలర్‌షిప్ ద్వారా పోయింది. తిండి హాస్టల్ల, ప్రయాణం ఉచిత బస్సుల. పాత పుస్తకాలకు 1,000. పరీక్షలకు 2,000. చిల్లరకు 3,000. మొత్తం 6,000 రూపాయలు.

ఇద్దరి తేడా 66,000. అమ్మకు దినం కూలి 400 అనుకుంటే ఇది 165 దినాల కూలి. అంటే ఐదు నెలల కంటె ఎక్కువ ఎండలో వంగి చేసిన పని. ఇద్దరికీ వచ్చే డిగ్రీ మాత్రం ఒక్కటే. ఈ అంకెలు నేను లెక్క కోసం వేసినవి. మీ ఊరి ధరలు పెట్టి మీరు మళ్లీ వేసుకోండి.

2. ఏ కాలేజీ అనేదే మొదటి పొదుపు

పదో తరగతి అయినంక మొదటి దారి మన గురుకుల సంస్థల్లోనే ఇంటర్ చదువుట. ఇక్కడ లాగానే అక్కడ కూడా ఫీజు, తిండి, పుస్తకాలు మనం కట్టేది లేదు. గురుకులంలో సీటు రాకపోతే ప్రభుత్వ జూనియర్ కాలేజీ ఉన్నది. అక్కడ ట్యూషన్ ఫీజు లేదు, పాఠ్యపుస్తకాలు ఉచితం. ఇంటర్ అయినంక ఆడపిల్లలకు గిరిజన సంక్షేమ గురుకుల డిగ్రీ కాలేజీలు కూడా ఉన్నవి.

రెండో దారి పాలిటెక్నిక్. పదో తరగతి తర్వాత పాలిసెట్ రాస్తే మూడేండ్లల్ల డిప్లొమా చేతికి వస్తది. వనపర్తిలో రాజావారి ప్యాలెస్‌లోనే ప్రభుత్వ పాలిటెక్నిక్ నడుస్తున్నది. గద్వాల కోటలో మహారాణి ఆదిలక్ష్మి దేవమ్మ పేరు మీద ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఉన్నది. ఒకప్పుడు మన తాతలు ఆ కోట గడప ముందు చేతులు కట్టుకొని నిలబడి ఉంటరు. ఇప్పుడు అందులో మనం బెంచి మీద కూర్చుండి చదువుకోవచ్చు. ఇంతకంటె గొప్ప ఏమున్నది?

మూడో దారి బాసర ట్రిపుల్ ఐటీ. ఇది 2008లో మొదలైంది. పదో తరగతి మార్కుల మీద సీటు ఇస్తరు. ఆరేండ్లు అక్కడే ఉండి ఇంజనీరింగ్ పూర్తి చేయవచ్చు. కోచింగ్ ఖర్చు లేదు. కనుక పదో తరగతిలో తెచ్చుకునే ప్రతి మార్కు పైసలతో సమానం.

డాక్టర్ కావాలె అనుకునేవాళ్లకు ఒక మంచి మాట. మన ఉమ్మడి పాలమూరులో వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలైనవి. ఒకప్పుడు హైదరాబాదు పోవాలె. ఇప్పుడు మన జిల్లాల్లోనే ఉన్నవి. తెలంగాణలో 2022 నుంచి ఎస్టీలకు విద్యలో రిజర్వేషన్ 6 శాతం నుంచి 10 శాతం అయింది. సీట్లు పెరిగినవి, కానీ అడిగేవాళ్లం మనం తయారు కావాలె.

ఐఐటీల్లో 2016 నుంచి ఎస్టీ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ. ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం కోసం 2023లో పార్లమెంటు చట్టం చేసింది. పేరు పెద్దగ ఉన్న కాలేజీ అంటే ఖర్చు పెద్దది అని భయపడవద్దు. మనకు ఒక్కోసారి పెద్ద కాలేజీనే చౌక.

3. స్కాలర్‌షిప్ అంటే ఏమిటి?

పదో తరగతి తర్వాత వచ్చే స్కాలర్‌షిప్‌ను పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ అంటరు. ఇది మన దేశానికి స్వాతంత్ర్యం రాకముందే, 1944-45లో మొదలైంది. మన రాష్ట్రంలో ఈపాస్ అనే పద్ధతి ద్వారా దీనికి దరఖాస్తు చేసుకొనవలెను. ఇందులో రెండు భాగాలు ఉన్నవి.

ఒకటి, ఫీజు రీయింబర్స్‌మెంట్. ఇది కాలేజీ ఫీజు. మన కోసం ప్రభుత్వం కడుతది.

రెండు, మెయింటెనెన్స్ ఫీజు. ఇది మన తిండికి, ఖర్చులకు. ప్రభుత్వ హాస్టల్ల ఉంటే ఈ పైసలు హాస్టల్ ఖర్చుకే పోతయి.

దీనికి కొన్ని షరతులు కలవు. తల్లిదండ్రుల ఆదాయానికి హద్దు ఉన్నది. హాజరు 75 శాతం ఉండాలె. ప్రతి సంవత్సరం రెన్యువల్ చేసుకోవాలె. మొదటి సంవత్సరం వచ్చింది కదా అని రెండో సంవత్సరం ఊకుంటే ఆగిపోతది.

అన్నిటికంటె ముఖ్యమైన షరతు ఒకటి ఉన్నది. సీటు కన్వీనర్ కోటాలో రావాలె. మేనేజ్‌మెంటు కోటాలో గానీ, స్పాట్ అడ్మిషన్‌లో గానీ చేరితే ఈ ఫీజు రాదు. దూరవిద్యలో చేరినా రాదు. “సీటు ఇప్పిస్త, స్కాలర్‌షిప్ కూడా వస్తది” అని ఎవరన్నా చెప్తే “ఏ కోటా?” అనే ఒక్క ప్రశ్న అడగండి. ఆ రెండు మాటలు మీకు వేల రూపాయలు మిగిలిస్తయి.

కర్నూలు, రాయచూరు మన గద్వాలకు దగ్గర. కానీ అవి వేరే రాష్ట్రాలు. అక్కడ చేరేముందు మన స్కాలర్‌షిప్ వర్తిస్తదా లేదా అని మన జిల్లా గిరిజన సంక్షేమ ఆఫీసులో అడిగి తెలుసుకోవాలె. ఇంట గెలిచి రచ్చ గెలువు అన్నారు పెద్దలు.

స్కాలర్‌షిప్ పైసలు ఆలస్యం అయితయి అని కూడా చెప్పాలె. 2025 నవంబర్‌లో ప్రైవేటు కాలేజీలవాళ్లు ఫీజు బకాయిలు రాలేదని తెలంగాణల కాలేజీలు బంద్ పెట్టినారు. ఇట్ల ఆలస్యం అయినప్పుడు కొన్ని ప్రైవేటు కాలేజీలు “ముందు నువ్వు కట్టు, తర్వాత తీసుకో” అంటయి, సర్టిఫికెట్లు ఇయ్యకుండ పెట్టుకుంటయి. ప్రభుత్వ కాలేజీలో ఫీజే తక్కువ కనుక ఈ బాధ కూడా తక్కువ. చేరే రోజే అన్ని సర్టిఫికెట్ల జిరాక్సులు నాలుగు సెట్లు తీసి ఇంట్ల పెట్టుకోవాలె. కట్టిన ప్రతి రూపాయికి రసీదు అడగాలె. రసీదు లేని పైసలు నీళ్లల్ల పోసినట్టే.

4. అంబేద్కర్ గారు ఎట్ల చదివినారు?

స్కాలర్‌షిప్ తీసుకునుడు చిన్నతనం అని కొందరు అనుకుంటరు. అది తప్పు. బాబాసాహెబ్ అంబేద్కర్ గారు 1913లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయానికి పోయింది స్కాలర్‌షిప్ మీదనే. బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ మూడు సంవత్సరాల పాటు నెలకు పదకొండున్నర పౌండ్లు ఇచ్చినారు. తర్వాత ఆయన లండన్‌లో చదువుతుంటే స్కాలర్‌షిప్ గడువు అయిపోయింది. 1917లో చదువు మధ్యలో విడిచి తిరిగి వచ్చినారు. కానీ వదిలిపెట్టలేదు. బొంబాయిలో కాలేజీ ప్రొఫెసర్‌గా పని చేసి జీతంలో మిగిలించినారు. కొల్హాపూర్ శాహూ మహారాజు కొంత సాయం చేసినారు. ఒక స్నేహితుడు అప్పు ఇచ్చినాడు. 1920లో మళ్లీ లండన్ పోయి చదువు పూర్తి చేసినారు.

ఇందులో మనం నేర్చుకోవలసింది ఏమంటే, ఒక దారి మూసుకుంటే రెండు మూడు దారులు కలిపి నడవాలె. స్కాలర్‌షిప్, సొంత పొదుపు, మంచివాళ్ల సాయం, ఈ మూడూ ఆయన వాడుకున్నారు.

5. కాగితాలు: ఇప్పుడే సరిచేసుకోండి

మనలాంటి పిల్లలకు స్కాలర్‌షిప్ ఆగేది మార్కులు లేక కాదు, ఎక్కువగా కాగితాలు సరిగా లేక. కావలసినవి ఇవి:

కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ ధ్రువీకరణ పత్రం, ఆధార్ కార్డు, రేషన్ కార్డు, పదో తరగతి మెమో, బోనఫైడ్ సర్టిఫికెట్లు, ఆధార్‌తో కలిపిన బ్యాంకు ఖాతా, పని చేసే ఫోన్ నంబరు.

కుల, ఆదాయ పత్రాలకు మీసేవలో దరఖాస్తు చేయాలె. జూన్, జూలైలో అందరూ ఒకేసారి పోతరు, లైను పెద్దగ ఉంటది. ఒక్క సంతకం కోసం అమ్మ మూడు దినాలు కూలి విడిచి తిరిగితే 1,200 పోయినట్టే. అది కూడా చదువు ఖర్చే. కనుక కుల పత్రం దసరా, సంక్రాంతి సెలవుల్లోనే తీసుకోవాలె. ఆదాయ పత్రం మాత్రం దరఖాస్తు చేసే సంవత్సరానిది ఉండాలె.

ఇక పేరు సంగతి. మనలో చానామందికి ఆధార్‌లో ఒక పేరు, బడి రిజిస్టర్‌లో ఒక పేరు ఉంటది. ఒకచోట ఇంటి పేరు ముందు, ఒకచోట వెనుక. పుట్టిన తేదీ బడిలో చేర్చిన రోజు సారు వేసింది ఒకటి, ఆధార్‌లో ఇంకొకటి. మన అమ్మానాయినలు చదువుకోలేదు, రాసినోళ్లు ఏం రాస్తే అదే అయింది. ఈపాస్‌లో ఆధార్ పేరు, పదో తరగతి మెమో పేరు కలవకపోతే దరఖాస్తు ముందుకు పోదు.

తొమ్మిదో తరగతి మిత్రులారా, ఇది మనకే ముఖ్యం. పదో తరగతి పరీక్షకు మన పేర్లు నామినల్ రోల్‌లో రాసి పంపిస్తరు. ఆ పేరే మెమో మీద వస్తది. మెమో వచ్చినంక మార్చాలంటే ఆఫీసుల చుట్టూ తిరగాలె. ఇప్పుడు మార్చాలంటే ఆధార్ పట్టుకొని ఆఫీసు రూంకు పోయి చూసుకుంటే చాలు.

6. హాస్టల్ విలువ

హాస్టల్ అన్నం అంటే మనం ఎన్నో వంకలు పెడతం. దాని విలువ చూడండి. 2024లో పెంచిన మెస్ ఛార్జీల ప్రకారం 8 నుంచి 10వ తరగతి వాళ్లకు నెలకు 1,540 రూపాయలు, ఇంటర్ నుంచి పీజీ వాళ్లకు నెలకు 2,100 రూపాయలు ప్రభుత్వం పెడుతున్నది. నెలకు 2,100 అంటే 10 నెలలకు 21,000. మూడు సంవత్సరాల డిగ్రీకి 63,000. గది అద్దె, కరెంటు వేరే. ఇంత పైస ఏ చుట్టమూ మనకు ఇయ్యడు.

అందుకే కాలేజీలో సీటు రాగానే రెండో పని హాస్టల్ సీటు. కాలేజీ పిల్లలకు గిరిజన సంక్షేమ పోస్ట్ మెట్రిక్ హాస్టళ్లు వేరుగ ఉంటయి. సీట్లు లెక్క ప్రకారం ఉంటయి కనుక ఆలస్యం చేయకుండ దరఖాస్తు ఇయ్యాలె. కాలేజీ ఎంచుకునేటప్పుడే “ఆ ఊర్లో ఆడపిల్లల హాస్టల్ ఉన్నదా?” అని చూసుకోవాలె. కాలేజీ మంచిగుండి హాస్టల్ లేకపోతే ఖర్చు మళ్లీ మొదటి అమ్మాయి లెక్కకు పోతది.

7. ప్రయాణం

2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడపిల్లలకు, ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ లోపల ఉచితం. ఊరి నుంచి రోజూ కాలేజీకి పోయే పిల్లకు పోను 25, రాను 25 అనుకుంటే దినానికి 50. ఏడాదికి 200 దినాలు కాలేజీ ఉంటే 10,000 రూపాయలు మిగులుతయి. గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోవాలె. కర్నూలు, రాయచూరు పోయేటప్పుడు రాష్ట్రం హద్దు దాటినంక టికెట్ తీసుకోవాలె. తమ్ముళ్లకు, అన్నలకు విద్యార్థి బస్ పాస్ ఉన్నది.

రైలు సంగతి చానామందికి తెల్వదు. ఇంటికి కాలేజీకి నడుమ రైలులో పోయే ఆడపిల్లలకు డిగ్రీ దాకా సెకండ్ క్లాసు నెలవారీ పాసు ఉచితం. మగపిల్లలకు 12వ తరగతి దాకా ఉచితం. గద్వాల, వనపర్తి రోడ్డు స్టేషన్ల దగ్గర ఊర్ల నుంచి మహబూబ్‌నగర్ పోయి చదివేవాళ్లకు ఇది ఉపయోగం. కాలేజీ ప్రిన్సిపాల్ దగ్గర పత్రం తీసుకొని స్టేషన్‌లో చూపాలె. దూరం కాలేజీలో హాస్టల్ల ఉండి సెలవులకు సొంత ఊరు వచ్చే ఎస్టీ విద్యార్థులకు సెకండ్ క్లాసు టికెట్ మీద 75 శాతం రాయితీ కూడా కలదు.

8. పుస్తకాలు, పరీక్షలు

కొత్త పుస్తకం మీద మోజు వద్దు. పాస్ అయిన అక్కల దగ్గర సగం ధరకు తీసుకోవచ్చు. మనం చదివినంక మళ్లీ చెల్లెళ్లకు అమ్మవచ్చు. తెలుగు అకాడమీ పుస్తకాలు గైడ్ల కంటె నమ్మకం, ధర కూడా తక్కువ. కాలేజీ లైబ్రరీ, జిల్లా గ్రంథాలయం వాడుకోవాలె. పోటీ పరీక్షల దరఖాస్తు ఫీజు ఎస్టీ వాళ్లకు తక్కువ ఉంటది. దరఖాస్తులో కేటగిరీ తప్పు నింపితే ఎక్కువ పైసలు పోతయి, సీటు కూడ పోతది. నెట్ సెంటర్‌ల కూర్చున్నప్పుడు నింపేవాళ్లు నింపుతరు, కానీ చదివి చూడవలసింది మనమే.

డిగ్రీ సీట్లు 2016 నుంచి దోస్త్ ద్వారా ఇస్తున్నరు. మన ఫోన్‌కు వచ్చే ఓటీపీ ఎవ్వరికీ చెప్పవద్దు. కొందరు ఏజెంట్లు ఊర్లకు వచ్చి “మేమే నింపుతం, చార్జీ మేమే పెట్టుకుంటం” అని ఓటీపీ తీసుకొని వాళ్ల కాలేజీ ఒక్కటే పెడతరు. బ్యాగు ఇస్తం, ఫోన్ ఇస్తం అంటరు. ఒక్క బ్యాగుకు మూడేండ్ల చదువు అమ్ముకోవద్దు. మొదటి ఆప్షన్లు ప్రభుత్వ కాలేజీలు పెట్టుకోవాలె.

9. అప్పు అన్నిటికంటె చివరికి

పైన చెప్పినవన్నీ చేసినా కొంత తక్కువ పడవచ్చు. అప్పుడు ఇంట్లవాళ్లు వడ్డీకి తెస్తరు. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే వినుటకు చిన్నగ ఉంటది. 20,000 తెస్తే నెలకు 600, ఏడాదికి 7,200 వడ్డీకే పోతయి. మూడేండ్లకు 21,600. అంటే తెచ్చిన దానికంటె ఎక్కువ వడ్డీనే కట్టినం, అసలు అట్లనే ఉన్నది. అప్పు చేసి పప్పు కూడు అన్న సామెత మనకు పనికి రాదు. తప్పనిసరి అయితే బ్యాంకు విద్యా రుణం అడగాలె. 4 లక్షల దాకా భూమి, బంగారం తాకట్టు అవసరం లేదు. చదువు అయినంకనే వాయిదాలు మొదలైతయి. కానీ తండాలో బంగారం తాకట్టు పెట్టి సీటు కొనేకంటె, బాగా చదివి కన్వీనర్ సీటు తెచ్చుకునుడు మేలు.

10. మనం ఇప్పుడే చేయవలసినవి

(1) ఈ వారమే ఆధార్ పేరు, బడి రిజిస్టర్ పేరు పక్కపక్కన పెట్టి చూసుకోవాలె.
(2) వచ్చే సెలవుల్లో కుల పత్రం తెచ్చుకోవాలె. బ్యాంకు ఖాతా లేనివాళ్లు తెరవాలె.
(3) ఒక నోటుబుక్కులో పదో తరగతి తర్వాత మూడు దారులు, వాటి ఖర్చు రాసుకోవాలె.
(4) ఇంటికి పోయినప్పుడు ఆ లెక్క అమ్మానాయినకు చదివి వినిపించాలె. వాళ్లకు చదువు రాదు కానీ లెక్క మనకంటె బాగా వస్తది. 72,000 అని వింటే వద్దు అంటరు. 6,000 అని వింటే ఆలోచన చేస్తరు.

వార్డెన్ మేడమ్ గారికి, ప్రిన్సిపాల్ మేడమ్ గారికి మా మనవి. పదో తరగతి నామినల్ రోల్ పంపేముందు ఒక ఆదివారం “కాగితాల రోజు” పెట్టగలరు. ఆ రోజు అందరి పేర్లు, తేదీలు సరిచూడవచ్చు. తల్లిదండ్రులు మమ్ములను చూడ వచ్చే రోజే పెడితే ఇంకా మంచిది, వాళ్లకు ఇంకొక కూలి దినం పోదు. పదో తరగతి అక్కలు వెళ్లిపోయేటప్పుడు పుస్తకాలు వేసిపోవుటకు స్టోర్ రూంలో ఒక పెట్టె ఉంచగలరు. దోస్త్, ఈపాస్ తేదీలు పేపర్‌లో వచ్చినప్పుడు ఈ గోడ పత్రిక పక్కన అంటించే పని మేము తొమ్మిదో తరగతి వాళ్లం చేస్తాము.

మిత్రులారా, ప్రభుత్వం పెట్టిన దారులు మన కోసమే ఉన్నవి. అడగనిదే అమ్మయినా పెట్టదు అంటరు. కనుక అడుగుదాం. తెలియని దానిని తెలిసిన అక్కను అడుగుదాం, మేడమ్‌ను అడుగుదాం, ఆఫీసులో నిలబడి అడుగుదాం. పత్తి చేను ఎప్పుడూ ఉంటది, కాలేజీ సీటు మాత్రం తేదీ దాటితే ఉండదు.

చదువుదాం, చదివిద్దాం.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని